పెళ్లికూతురి చెప్పులు: డిజైన్ కంటే ముందు గంటలు లెక్కేసుకో

నువ్వు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. వైశాఖంలో గుంటూరులో పెళ్లి. సాయంత్రం 7 గంటలకు అదే హాల్లో రిసెప్షన్, ముహూర్తం అర్ధరాత్రి దాటాక 1.40కి. మూడో రోజు విజయవాడలో అబ్బాయి వాళ్ల రిసెప్షన్. నీ ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, అబ్బాయి 5 అడుగుల 10. రెండు రిసెప్షన్లకీ లెహంగాలు, ముహూర్తానికి పట్టుచీర, ఆపైన మధుపర్కాలు. ఫ్రెండ్స్ 4 అంగుళాల పెన్సిల్ హీల్ కొనమంటున్నారు, అమ్మేమో ఆ తిప్పలెందుకు, ఫ్లాట్స్ వేసుకోమంటోంది. నువ్వు కాలేజీ రోజుల్లో కూడా హీల్స్ వేసుకున్నదానివి కాదు. ఏం కొనాలి, ఎక్కడ కొనాలి, ఎంత పెట్టాలి అని అడిగావు.

నేను విజయవాడలో పెళ్లికూతుళ్లకు చీరలు కడతాను. నగలు పెట్టించడం, పూలజడ బిగించడం, స్టేజీ ఎక్కేదాకా వెంట నడవడం కూడా నా పనే. అందరూ పెళ్లికూతురి ముఖం చూస్తుంటే నేను ఎక్కువగా చూసేది కుచ్చిళ్లు, వాటి కింద కాళ్లు. నీది మా అమ్మాయి వయసు కాబట్టి నువ్వనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ముందు జవాబు చెప్పేస్తాను. రెండు జతలు కొను. ఒకటి రెండు రిసెప్షన్లకీ పనికొచ్చే వెడ్జ్ (అడుగంతా ఒకే దిమ్మెలా ఉండేది) గానీ, లావుపాటి బ్లాక్ హీల్ గానీ. రెండోది మడమ లేని, వంగకుండా కాలు దూర్చేస్తే సరిపోయే మెత్తటి చెప్పులు. డబ్బు మొదటిదానికి ఎక్కువ పెట్టు, శ్రద్ధ రెండోదానికి కూడా పెట్టు. పెన్సిల్ హీల్ ఆలోచన మానెయ్. ఎందుకో వివరంగా చెప్తాను.

మన పెళ్లి వరస ఒకసారి గుర్తు చేసుకో. గౌరీపూజ దగ్గర చెప్పులుండవు. బుట్టలో తెచ్చి పీటల మీద కూర్చోబెట్టేటప్పుడు ఉండవు. జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, ఏడడుగులు, మెట్టెలు తొడగడం అన్నీ ఒట్టి కాళ్లతోనే. అరుంధతీ నక్షత్రం చూడటానికి హాలు బయటికి తీసుకెళ్లినా చాలామంది అలాగే వెళ్తారు. అత్తారింట్లో కుడికాలు పెట్టేటప్పుడూ అంతే. అసలు పెళ్లిలో చెప్పులకు చోటే లేదు. కానీ బజార్లో అందరూ "పెళ్లి చెప్పులు" అని పట్టుచీర రంగుకు మ్యాచింగ్ వెతుకుతుంటారు. ఆ చీర కట్టుకున్నంతసేపూ అవి ఏ మూలో పడి ఉంటాయి.

మరి చెప్పులు నిజంగా పనిచేసేది ఎప్పుడు? రిసెప్షన్ స్టేజీ మీద. 7 అని కార్డులో వేస్తారు, మొదలయ్యేసరికి 7.30 దాటుతుంది. 10.30 దాకా జనం వస్తూనే ఉంటారు. వెనకాల సోఫా ఉన్నా కూర్చోనివ్వరు, ఎందుకంటే ప్రతి గుంపూ వచ్చి పక్కన నిలబడి ఫొటో దిగాలి. అంటే దగ్గర దగ్గర మూడు గంటలు ఒకే చోట నిలబడటం. నడవడం కంటే కదలకుండా నిలబడటం కాళ్లకు ఎక్కువ కష్టం. నడిచేటప్పుడు పిక్కల కండరాలు ముడుచుకుంటూ వదులుతూ రక్తాన్ని పైకి తోస్తాయి. కదలకపోతే ఆ తోపు ఉండదు, నీరు పాదాల్లోకి దిగుతుంది. దానికి తోడు మే నెల గుంటూరు, 40 డిగ్రీలు దాటే ఎండలు, రాత్రి కూడా చల్లబడని గోడలు, మొహం మీద ఫోకస్ లైట్లు. ఏసీ హాలే అయినా తలుపులు తీసే ఉంటాయి కదా. సాయంత్రం కాలికి సరిగ్గా సరిపోయిన చెప్పు రాత్రి 10కి బిగుతైపోతుంది.

ఇప్పుడు చెప్పు మడమ, అంటే హీల్ సంగతి. ఎత్తు పెరిగేకొద్దీ ఒంటి బరువు మడమ మీద నుంచి ముందుకు జారి, వేళ్ల మొదట్లో ఉండే మెత్తటి భాగం మీద పడుతుంది. 4 అంగుళాల మడమ మీద అలవాటు లేని మనిషి మూడు గంటలు నిలబడితే ఆ భాగం మండిపోతుంది, నడుం పీకుతుంది. పైగా లెహంగా బరువు, నగల బరువు, పూలజడ వెనక్కి లాగడం. ఫొటోల్లో ముఖం మీద నవ్వు ఉంటుంది గానీ భుజాలు చూస్తే తెలిసిపోతుంది.

నీ ఎత్తు గురించి దిగులు అర్థమైంది, దానికి పరిష్కారం ప్లాట్‌ఫాం. ముందు భాగం కింద కూడా మందం ఉన్న చెప్పు తీసుకో. మడమ మూడున్నర అంగుళాలు, ముందు మందం అంగుళంన్నర అనుకుందాం. నీ ఎత్తు మూడున్నర అంగుళాలు పెరుగుతుంది, కానీ పాదం వంపు రెండు అంగుళాలే. కాలికి తెలిసేది ఆ రెండు అంగుళాలే. హీల్స్ అలవాటు లేనివాళ్లకు అంతకు మించి వద్దంటాను. మడమ ఎంత అని షాపువాళ్లు ఒక అంకె చెప్తారు, అందులోంచి ముందు మందం తీసెయ్, మిగిలిందే అసలు లెక్క. అబ్బాయి షూస్‌కి కూడా అంగుళం దాకా మడమ ఉంటుంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఎంత చేసినా ఇద్దరి మధ్య సుమారు ఆరంగుళాల తేడా ఉంటుంది, ఉండనీ. ఎత్తు తేడాను సర్దడం ఫొటోగ్రాఫర్ పని, వాళ్లకు దానికి నూరు ఉపాయాలున్నాయి.

ప్లాట్‌ఫాంలో ఒక ఇబ్బంది ఉంది. అడుగు మందంగా, వంగకుండా ఉంటుంది కాబట్టి కింద నేల ఎలా ఉందో కాలికి తెలియదు, చీలమండ మెలిక పడే ప్రమాదం ఉంది. అందుకే అడుగు వెడల్పుగా ఉన్నది చూడు. వెడ్జ్ అయితే బొటనవేలి నుంచి మడమ దాకా నేలకు ఆనుకుని ఉంటుంది, నీలాంటి కొత్తవాళ్లకు అదే మేలు.

పెన్సిల్ హీల్ వద్దనడానికి ఇంకో కారణం స్టేజీ. కళ్యాణమండపాల్లో స్టేజీ ముందుకు పెంచడానికి చెక్క బల్లలు, ప్లైవుడ్ షీట్లు పరిచి పైన ఎర్ర కార్పెట్ వేస్తారు. షీట్ల మధ్య సందులు కార్పెట్ కింద కనపడవు. సన్నటి మడమ సరిగ్గా అందులోనే దిగుతుంది. లాన్‌లో పెట్టే ఫంక్షన్లయితే ఇక చెప్పనక్కర్లేదు, నీళ్లు చల్లిన గడ్డిలోకి మేకు దిగినట్టు దిగబడుతుంది. హీల్ స్టాపర్లని ప్లాస్టిక్ తొడుగులు దొరుకుతాయి, గడ్డిలో కాస్త ఆపుతాయి గానీ ప్లైవుడ్ సందుకు అవి పనికిరావు.

ఇక ఎవరూ ముందు ఆలోచించని విషయం వడ్డాణం. అది బిగించాక పెళ్లికూతురు నడుం వంచలేదు. లెహంగా మీదైనా చీర మీదైనా అంతే. చీలమండ దగ్గర చిన్న బకిల్, దానికి అయిదు బెజ్జాలు, అందులో సూదంత పిన్ను దూర్చాలి. ఈ పని నువ్వు చేసుకోలేవు. తోడిపెళ్లికూతురో, పిన్నో నేల మీద మోకాళ్లు వేసి, లెహంగా ఘేరు (కింది చుట్టు) ఎత్తి పట్టుకుని, ఫోన్ టార్చి వేసుకుని బెజ్జం వెతకాలి. కింద నుంచి "వచ్చారా, అబ్బాయి వచ్చేశాడు" అని కేకలు. ఈలోగా వాళ్ల గాజులకు నెట్ తగులుకుంటుంది. ఈ తంతు నేను చూసినన్నిసార్లు ఇంకెవరూ చూసి ఉండరు. కాబట్టి బకిల్ ఉన్నవి వద్దు. వెనకాల వెడల్పు ఎలాస్టిక్ ఉన్నవి, లేదా మడమ వెనక జిప్ ఉన్నవి చూడు. మడమకు పట్టు బొత్తిగా లేని చెప్పులు కూడా వద్దు. ఎత్తు మడమ ఉండి వెనక పట్టు లేకపోతే జారిపోకుండా వేళ్లతో బిగబట్టుకోవాల్సి వస్తుంది, గంటలో వేళ్లు పీకుతాయి.

ఎలాస్టిక్‌తో ఇంకో లాభం. స్టేజీ మీద జనం పలచబడ్డప్పుడు లెహంగా చాటున చెప్పులు విడిచేసి కాళ్లు ఆడించుకోవచ్చు, ఎవరికీ కనపడదు. తిరిగి తొడుక్కోవాలంటే మాత్రం వాచిన కాలికి సాగే పట్టీ ఉండాలి. ముందు మూసి ఉన్న పంప్ షూస్ విడిచావంటే మళ్లీ ఎక్కవు.

రెండో జత సంగతి. రిసెప్షన్ అయ్యాక ముహూర్తానికి నీకు దొరికేది మూడు గంటలే. అందులో మేకప్ సర్దుకోవడం, పట్టుచీర కట్టడం, రెండు ముద్దలు తినడం, గౌరీపూజ. గది నుంచి మండపానికి, మండపం నుంచి గదికి, మధుపర్కాలు మార్చుకోవడానికి మళ్లీ గదికి, మధ్యలో బాత్రూమ్‌కి. ఫంక్షన్ హాలు బాత్రూమ్ ఎలా ఉంటుందో నీకు తెలుసు, ఆ వేళకి నేలంతా నీళ్లు. కాళ్లకేమో పసుపు, పారాణి. అప్పుడు పదివేల లెహంగాకు మ్యాచింగ్ కొన్న హీల్స్ ఎవరూ వేసుకోరు. గుమ్మం దగ్గర ఎవరి హవాయి చెప్పులు కనపడితే అవి ఈడ్చుకుంటూ వెళ్తారు, అవి రెండు సైజులు పెద్దవి, మధుపర్కాల కుచ్చిళ్లు వాటి కింద పడతాయి. అందుకే నీ సైజుది, అడుగున గరుకు రబ్బరు ఉన్నది, తడిసినా ఏమీ కానిది నీకంటూ ఒక జత ఉండాలి. 500 రూపాయల్లో అయిపోతుంది. నల్లది కొనకు, పెద్దవాళ్లు ఏదో ఒకటి అంటారు, ఆ రోజు ఆ మాట పడటం ఎందుకు. లేత బంగారు రంగు, గోధుమ రంగు ఏదైనా పర్వాలేదు.

ఆ జత బాధ్యత ఒక మనిషికి అప్పగించు. తోడిపెళ్లికూతురు కూడా పీటల దగ్గరే ఉంటుంది కాబట్టి ఆమె వద్దు. పదేళ్లు దాటిన చురుకైన చిన్నదాన్ని ఎవరినైనా చూడు. గుడ్డ సంచిలో పెట్టి ఇచ్చెయ్. మండపం మెట్ల దగ్గర విడిచిన చెప్పుల గుట్టలో వెతకడం అర్ధరాత్రి అయ్యే పని కాదు. అబ్బాయి చెప్పులు దాచే ఆట పెట్టుకుంటే ఆ హడావుడిలో నీవి కూడా మాయమవుతాయి.

పట్టుచీరకు సంబంధించి నీకు పెద్ద చిక్కు లేదు, ఎందుకంటే రిసెప్షన్‌కీ ముహూర్తానికీ బట్టలు వేరు. కానీ ఇది చదివే మిగతావాళ్లలో ఒకే చీరతో రిసెప్షన్ కానిచ్చి అలాగే పీటల మీద కూర్చునేవాళ్లు ఉంటారు. వాళ్లకు చెప్తున్నాను: మూడంగుళాల హీల్ మీద కుచ్చిళ్లు కట్టించుకుని, పీటల దగ్గర అవి విడిస్తే చీర మూడంగుళాలు నేల మీద పడుతుంది. ఏడడుగులు నడిచేటప్పుడు కొంగులు ముడి వేసి ఉంటాయి, పక్కన హోమం. అలాంటివాళ్లు అంగుళం మించి మడమ వేసుకోకూడదు. చీర కట్టేవాళ్లకు ఆ రోజు వేసుకునే చెప్పులు ముందే చూపించాలి, అవి కాళ్లకు వేసుకునే నిలబడాలి. తర్వాత హీల్స్ వేసుకుంటానులే ఆంటీ అంటే కుదరదు, మొత్తం కుచ్చిళ్లు విప్పి మళ్లీ పెట్టాలి.

లెహంగాకు కూడా ఇదే సూత్రం. టైలర్ దగ్గరికి చెప్పులు తీసుకెళ్లి, వేసుకుని నిలబడి, నడుం నుంచి నేల దాకా కొలతలు ఇవ్వు. క్యాన్‌క్యాన్ (లెహంగా ఉబ్బుగా నిలవడానికి లోపల వేసే గట్టి నెట్) వేయిస్తున్నట్టయితే అది తొడుక్కునే కొలత ఇవ్వు, ఘేరు పైకి లేచి పొడవు తగ్గినట్టవుతుంది. ముందు వైపు నేలకు అర అంగుళం పైకి ఉండేలా కుట్టమను. స్టేజీ మెట్లు ఎక్కేటప్పుడు తొక్కుకునేది ఎప్పుడూ ముందు భాగమే.

కొనడానికి వెళ్లేటప్పుడు సాయంత్రం వెళ్లు. పొద్దంతా తిరిగాక కాలు కాస్త ఉబ్బుతుంది, ఆ సైజుకు సరిపోతేనే రిసెప్షన్‌కు సరిపోతుంది. రెండు పాదాలూ ఒకే కొలత ఉండటం అరుదు, పెద్దదానికి సరిపోయేది తీసుకో. ముందు మూసినదైతే పొడవాటి వేలి ముందు బొటనవేలి మందమంత ఖాళీ ఉండాలి. జెల్ ప్యాడ్స్ వాడే ఉద్దేశం ఉంటే అవి పెట్టుకునే సైజు చూడు. చాలామంది బిగుతు చెప్పులు కొని, నొప్పి పుడుతోందని లోపల ప్యాడ్ పెడతారు. ఉన్న చోటు కూడా పోయి నొప్పి రెట్టింపవుతుంది.

షాపులో రెండడుగులు వేసి అద్దంలో చూసుకుని "బాగున్నాయి" అనేయకు. పది నిమిషాలు నిలబడు, అమ్మతో కబుర్లు చెప్పు, షాపతను విసుక్కున్నా సరే. కార్పెట్ మీద కాకుండా టైల్స్ మీద నిలబడి చూడు. మెట్లుంటే ఎక్కి దిగు. తర్వాత చెప్పును బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడు, మడమ నిలువుగా ఉండాలి, వేలితో తోస్తే ఊగకూడదు. అడుగు మందంగా లేని జతైతే రెండు చేతులతో వంచి చూడు, వేళ్ల మొదట్లో వంగాలి, మధ్యలో వంగకూడదు. లోపల వేలు పెట్టి కుట్లు తడుము, ఎక్కడ గీరుకుంటుందో అక్కడే బొబ్బ లేస్తుంది.

ఇంకొకటి, రాళ్లు, పూసలు పొదిగినవి తీసుకునేట్టయితే నీ చున్నీ అంచు వాటి మీద మెల్లగా రుద్ది చూడు. ఒక్క దారం తగులుకున్నా ఆ జత పక్కన పెట్టెయ్. చున్నీకి తగిలింది లెహంగా నెట్‌కి తగలదా? జరీ పోగు ఒకటి రాయికి పట్టుకుందంటే నువ్వు అడుగు వేసేకొద్దీ అది లాక్కుంటూనే పోతుంది. నీ పట్టీలకు గజ్జెలుంటే అవి కూడా ఇలాగే చిక్కుకుంటాయి. లెహంగా కింద చెప్పులు ఎలాగూ కనపడవు, ఫొటోగ్రాఫర్ ఒకటో రెండో తీసే కాళ్ల ఫొటోల కోసం ఇంత రిస్క్ అక్కర్లేదు. జరీ అల్లిన గుడ్డ పట్టీలు, నునుపైన బంగారు రంగువి చాలు. పాత బంగారం రంగు తీసుకుంటే రెండు లెహంగాలకీ నప్పుతుంది.

జుత్తీలు (ముందు మూసి ఉండే ఉత్తరాది తోలు చెప్పులు), కొల్హాపురీలు (తెరిచి ఉండే తోలు చెప్పులు) బాగుంటాయి కదా అని కొందరు అడుగుతుంటారు. సంప్రదాయ పద్ధతిలో చేసే జుత్తీలకు కుడి ఎడమ తేడా ఉండదు, వాడేకొద్దీ కాలి ఆకారానికి వస్తాయి. కొత్తవి మడమ వెనక కొరికేస్తాయి. కొల్హాపురీలకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచి సరుకే, కానీ అసలు తోలువి మొదట్లో గట్టిగా ఉంటాయి, బొటనవేలి పక్కన ఒరుసుకుంటాయి, నీళ్లు తగిలితే పాడవుతాయి. హల్దీకి, మెహందీకి సరదాగా వేసుకోవాలంటే నెల ముందే కొని వాడాలి.

ఎక్కడ కొనాలంటావా. గుంటూరులోనే లక్ష్మీపురం, బ్రాడీపేట వైపు షోరూములున్నాయి, ముందు అక్కడ తిరిగి ఏ ఆకారం నీ కాలికి పడుతుందో తెలుసుకో. నచ్చకపోతే ఒక సాయంత్రం విజయవాడ రా. బీసెంట్ రోడ్డులో చిన్న షాపుల్లో బేరమాడవచ్చు, ఫ్యాన్సీ రకాలు బోలెడు, రెండో జతకు అదే సరైన చోటు. మొదటి జతకు మాత్రం బందరు రోడ్డు షోరూములకో, మాల్‌కో వెళ్లు, సైజు మార్చి ఇస్తారా అని అడిగి బిల్లు తీసుకో. బీసెంట్ రోడ్డుకు ఆదివారం సాయంత్రం మాత్రం రాకు, ఆ రద్దీలో స్థిమితంగా నిలబడి చూసుకునే వీలుండదు. ధర విషయానికొస్తే 2025 సెప్టెంబరు 22 నుంచి జత 2500 రూపాయల లోపు ఉంటే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. ఆ గీత దాటి ఖర్చు పెట్టాల్సిన అవసరం నాకైతే కనపడదు. ఆన్‌లైన్‌లో కొంటే మన సైజు నంబరు మామూలుగా యూకే సైజే, యూరప్ సైజు 38 ఉంటే దాదాపు మన 5. పాదం వెడల్పు మాత్రం అందులో తెలియదు. వెడల్పు పాదాలవాళ్లు షాపుకే వెళ్లాలి.

నిశ్చితార్థానికి కొన్న హీల్స్ ఉన్నాయి కదా, అవే వాడొచ్చా అని కూడా రాశావు. రెండేళ్ల నాటివన్నావు, డబ్బాలో భద్రంగా ఉన్నాయన్నావు. వద్దు. పీయూ సోల్ (పాలీయురేథేన్ అనే నురగలాంటి ప్లాస్టిక్ అడుగు) వాడకుండా పెట్టినా గాలిలో తేమకు లోలోపల విడిపోతుంది, మన కృష్ణా తీరంలో తేమకు కొదవలేదు. రెగ్జిన్ కూడా పొరలు పొరలుగా ఊడుతుంది. పోయిన మాఘంలో ఒక పెళ్లికూతురు ఇలాగే దాచుకున్న చెప్పులు వేసుకుని స్టేజీ ఎక్కింది. చూడటానికి కొత్తవాటిలాగే ఉన్నాయి. గంట గడిచేసరికి ఆమె నిలబడ్డ చోట కార్పెట్ మీద నల్లటి పొడి. ఆమె పక్కకు జరిగితే అక్కడా పొడే. చివరికి మడమ అడుగంతా రాలిపోయి ఒక కాలు పొట్టి, ఒక కాలు పొడుగు అయింది. ఆ పిల్ల చెప్పులు రెండూ సోఫా కిందికి తన్నేసి మిగతా రిసెప్షనంతా ఒట్టి కాళ్లతో నవ్వుతూ నిలబడింది. లెహంగా పొడవు మాత్రం నాకు పిన్నులతో పైకి లాగి సర్దక తప్పలేదు.

కొన్నాక అలవాటు చెయ్. రోజూ అరగంట, రెండు వారాలు. ఇంట్లో చెప్పులేంటే అని నానమ్మ అంటుంది, బయట తొక్కని కొత్తవి అని చెప్పు, వినకపోతే డాబా మీద నడువు. మందపాటి సాక్సులు వేసుకుని తొడుక్కుంటే కాస్త వదులవుతాయి. అడుగు మరీ నునుపుగా ఉంటే గరుకు కాగితంతో రుద్దు, లేదా చెప్పులు కుట్టే అతనితో పలచటి రబ్బరు షీటు అతికించు. హాల్లో గ్రానైట్ మీద పూలరేకులు, పన్నీరు పడి ఉంటాయి, నునుపు సోల్ జారుతుంది. సాధన చేసేటప్పుడు ఎక్కడ ఒరుసుకుందో గుర్తు పెట్టుకుని ఆ రోజు అక్కడ ముందే మైక్రోపోర్ టేపు వేసెయ్, మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. బొబ్బ లేచాక వేస్తే లాభం తక్కువ. నొప్పి తెలియకుండా మొద్దుబరిచే స్ప్రేలు ఎవరైనా చెప్తే వినకు, నొప్పి తెలియకపోతే కాలు మెలిక పడ్డ సంగతి కూడా తెలియదు. పాదాల పగుళ్లుంటే రోజూ రాత్రి వాసెలిన్ రాసి సాక్సులు వేసుకుని పడుకో, పగిలిన మడమకు పట్టు దారాలు పట్టుకుంటాయి. పెడిక్యూర్ మూడు నాలుగు రోజుల ముందే చేయించు.

పసుపు, పారాణి విషయంలో ఒక జాగ్రత్త. పారాణి పూర్తిగా ఆరకముందు ఏ చెప్పులూ వేసుకోకు, లేత రంగు లోపలి గుడ్డకు పట్టిందంటే వదలదు. పసుపు మరక పడితే సబ్బుతో రుద్దొద్దు. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడ్డట్టే సబ్బు తగిలినా ఎర్రబడుతుంది, మరక ఇంకా ఎక్కువ కనపడుతుంది. తడిగుడ్డతో అద్ది ఎండలో పెట్టు, పసుపు రంగు ఎండకు మెల్లగా వెలుస్తుంది.

మూడో రోజు విజయవాడ రిసెప్షన్ గురించి నువ్వు అడగలేదు గానీ అసలు పరీక్ష అదే. రెండు రాత్రుల నిద్ర ఉండదు, పాదాలు ఇంకా వాచే ఉంటాయి, పైగా రెండో వేళ్లకు కొత్త మెట్టెలు. ముందు సన్నగా ఉండి వేళ్లను నొక్కే షూస్ ఏవైనా ఆ వెండి చుట్లను పక్క వేళ్లలోకి దించుతాయి. అందుకే మొదటి జతను వేళ్ల దగ్గర తెరిచి ఉన్నదే కొనమంటాను. పట్టీ మెట్టెల మీద పడకుండా ఇంకాస్త వెనక్కి ఉండాలి. కొనేటప్పుడు అమ్మ మెట్టెలు ఒకసారి పెట్టుకుని చూస్తానంటే ఊరుకోరు, పెళ్లి కాకుండా మెట్టెలేంటంటారు. రెండో వేలికి దారం రెండు చుట్లు చుట్టుకుని చూడు, ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది. పొద్దున కాసేపు పడుకుని కాళ్ల కింద దిండ్లు పెట్టుకో. కొత్త కోడలు పగలు పడుకుందని అనేవాళ్లుంటే అననీ.

చర్చిలో పెళ్లి చేసుకునే అమ్మాయిలకు ఒక్క మాట. మన వైపు కొన్ని చర్చిల్లో చెప్పులు గుమ్మం బయటే విడుస్తారు, కొన్నింటిలో వేసుకునే లోపలికి వెళ్తారు. ముందే కనుక్కుని తెల్లచీర గానీ గౌను గానీ పొడవు దాన్ని బట్టి పెట్టించుకోండి.

అమ్మ ఫ్లాట్స్ అంటోందని కోపం తెచ్చుకోకు. ముహూర్తం దగ్గర ఆమె మాటే నెగ్గుతుంది, స్టేజీ దగ్గర నీ మాట నెగ్గించుకో. ఆమె చెప్పులు కూడా ఒకసారి చూడు. ఆ రోజు పెళ్లిలో అందరికంటే ఎక్కువ నడిచేది ఆమే, కొత్త చెప్పులు ఆ రోజే తీసి వేసుకునేదీ ఆమే. అబ్బాయి కాశీయాత్రకు మీరు పెట్టే చెప్పులు కూడా లిస్టులో రాసుకో, చాలా ఇళ్లలో అవి పెళ్లి ముందు రోజు రాత్రి గుర్తొస్తాయి, సైజు అప్పుడు ఫోన్ చేసి అడుగుతారు.

లెహంగా ఇంకా కుట్టడానికి ఇవ్వలేదన్నావు కాబట్టి ముందు ఈ వారంలో చెప్పులు కొని, ఆ తర్వాతే టైలర్ దగ్గరికి వెళ్లు.